రాజుగారి గుడిలో కుర్చీ

మస్కట్‌లో ఇళ్ళల్లో పని చేసుకునే నాలాంటి వాళ్ళకి శుక్రవారం విలువ చెప్పాలంటే మిగతా ఆరు రోజుల సంగతి చెప్పాలి. అది చెబితే వినేవాళ్ళకి విసుగు, చెప్పే నాకు నీరసం. అందుకని ఒక్క ముక్కలో చెబుతాను. ఆరు రోజులూ నేను మేడమ్‌తో ఇంగ్లీషు, కూరల కొట్టువాడితో హిందీ, పక్కింటి ముసలాయనతో అరబ్బీ మాట్లాడతాను. ఆఖరికి గిన్నె చేయి జారి కాలి మీద పడినా ‘అరే యార్’ అంటాను. శుక్రవారం పొద్దున మాత్రం తెలుగులో నవ్వుతాను. నవ్వుకి భాషేమిటి అంటారేమో. ఆరు రోజులు వేరేవాళ్ళ మాటలకి నవ్వి చూడండి, తెలుస్తుంది.

మాది గోదావరి పక్క పల్లె. నేను పని చేసే ఇల్లు అల్ మవాలేలో ఉంది. మా మేడమ్ ఐరోపాలో ఏదో చలి దేశపు మనిషి. ఇక్కడ ఒక పెద్ద హోటల్లో వంటశాల అంతా ఆవిడ చేతి కింద నడుస్తుంది. పనిలో చేరిన రోజున నేను అడిగింది ఒక్కటే, శుక్రవారం పొద్దున రువీలో మా తెలుగు గుడికి వెళ్ళనివ్వమని. మా వైపు క్రైస్తవులం చర్చి అనం, గుడి అనే అంటాం. మేడమ్ సరేనంది. అప్పట్నుంచి జ్వరం వచ్చినా అది శనివారానికి వాయిదా వేసుకున్నానే గాని శుక్రవారం మానలేదు.

అలాంటిది, రెండేళ్ళ కిందట చలికాలం మొదట్లో మేడమ్ వాళ్ళ అమ్మగారు వచ్చారు. భర్త పోయాడు, మతిమరుపు వచ్చింది, ఒంటరిగా ఉంచితే పొయ్యి వెలిగించి వీధిలోకి వెళ్ళిపోతున్నారని కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. మనిషి పొడుగ్గా, తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉండేవారు. నేను మొదటి రోజునే ‘మామ్మగారూ’ అని పిలిచాను. అది మా భాషలో పలకరింపు అనుకున్నారో ఏమో, ఆవిడా నన్ను చూసి తల వంచి ‘మామ్మగారూ’ అన్నారు. నేనూ దిద్దలేదు. ఆ ఇంట్లో ఇద్దరం మామ్మగార్లమే.

చిక్కు శుక్రవారంతోనే వచ్చింది. హోటల్‌కి ఆ రోజే రద్దీ, మేడమ్ కదలడానికి లేదు. సార్‌కి సోహార్ పోర్టులో పని, నెలకోసారి కనిపిస్తే గొప్ప. మేడమ్ నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే చెప్పింది. ఆ మాటలు తెలుగులోకి తెస్తే ఇలా ఉంటాయి.

“శుక్రవారం అమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నువ్వు తీసుకెళ్తే, అక్కడ ఆవిడ గొడవ చేయకుండా కూర్చుంటే, నాకు అభ్యంతరం లేదు. ఈ నెల చూద్దాం. కుదరకపోతే నీ సెలవు మంగళవారానికి మారుస్తాను.”

మంగళవారం. మస్కట్‌లో మంగళవారం ఖాళీగా ఉండే తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే నాకూ చూపించండి. మంగళవారం సెలవిస్తే నేను సముద్రం ఒడ్డుకి వెళ్ళి పావురాలతో కష్టసుఖాలు చెప్పుకోవాలి.

పోనీ తీసుకెళ్దామంటే మామ్మగారు గడప దాటరు. పెద్ద షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే కారు దిగలేదు. బీచ్‌కి తీసుకెళ్తే కళ్ళు మూసుకుని కూర్చున్నారు. రోజుకి పదిసార్లు మాత్రం అడిగేవారు, “మన గుడికి ఎప్పుడు వెళ్తాం?” అని. అది చాలా దూరం, విమానం ఎక్కాలి అని మేడమ్ అంటే, లేచి వెళ్ళి పెట్టెలో బట్టలు సర్దేవారు. నేను మళ్ళీ తీసి మడతపెట్టేదాన్ని. ఒక రోజు విసుగొచ్చి, బట్టలు మడతపెడుతూనే అడిగాను.

“ఏ గుడి మామ్మగారూ?”

“కింగ్ గుడి,” అన్నారు. అంటే రాజుగారి గుడి.

ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కలిపితే ఒక మనిషికి సరిపడా ఇంగ్లీషు. మిగతాది చేతులతో నడిచేది. చేతులు చాలనప్పుడు భోజనాల బల్ల మీద సామాను వాడేవాళ్ళం. ఒమానీ హల్వా డబ్బా కోట. టిష్యూ కాగితాల పెట్టె గుడి. ఉప్పు సీసా రాజు, మిరియాల సీసా రాణి. ఖర్జూరాలు ప్రజలు. కథ అయ్యేసరికి ప్రజలు సగం మంది నా కడుపులో ఉండేవాళ్ళు.

ఆవిడ కథ వరసగా చెప్పేవారు కాదు. ఇవాళ చివర, రేపు మొదలు, ఎల్లుండి నడిమధ్యన. నాకు చదువు అంతంతమాత్రం గాని విన్నది పోదు. ఆవిడ మర్చిపోయిన చోట నేను అందిస్తే, నేను అందించిన చోటు నుంచి ఆవిడ ముందుకి వెళ్ళేవారు. కొన్నాళ్ళకి ఆ కథ ఎవరిదో మాకే తెలియకుండా పోయింది. వరసలో పెడితే అది ఇలా ఉంటుంది.

వాళ్ళ ఊళ్ళో ఒక నది, నది ఒడ్డున కోట, కోటలో రాజు. ఊళ్ళో గుడికి వెళ్ళి వచ్చేలోగా రాణిగారి ముక్కు చలికి బీట్‌రూట్‌లా అయ్యేదట. అందుకని రాజు కోటలోనే సొంత గుడి కట్టించుకున్నాడు. మేడ మీద ఆయన పడకగది నుంచి ఒక నడవా. నడవా చివర గుడిలోకి తెరుచుకునే చిన్న గది. అందులో ఒక ఎర్ర కుర్చీ, పక్కన పొయ్యి, ముందు తెర. రాజు పక్క మీద నుంచి లేచి, మొహమైనా కడుక్కోకుండా వచ్చి, తెర వెనకాల వెచ్చగా కూర్చుని ప్రార్థన వినేవాడు. కింద జనం మంచి బట్టలు కట్టుకుని గజగజ వణుకుతూ ఉండేవాళ్ళు. దేవుడి దగ్గరికి వచ్చినా ఆయన మేడ దిగలేదన్నమాట.

తెర వెనకాల రాజు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. బోధకుడు తెరకి వంగి దణ్ణం పెట్టి ప్రసంగం మొదలుపెట్టేవాడు. రాజు వేటకి వెళ్ళిన వారాల్లోనూ తెరకి దణ్ణాలు పడుతూనే ఉండేవి. ఎప్పుడైనా పైనుంచి గురక వినబడితే మాత్రం, అమ్మయ్య, వచ్చారు అని బోధకుడికి ప్రాణం కుదుటపడేదట. ఈ ముక్క దగ్గర మామ్మగారు ప్రతిసారీ గురక పెట్టి చూపించేవారు. నాకు వినీ వినీ ఆ రాజు గురక ఎక్కడ విన్నా పోల్చుకోగలను అనిపించేది.

గోడల నిండా దేవదూతల బొమ్మలు, వాటికి బంగారు రెక్కలు. తరవాత యుద్ధం వచ్చింది, రాజు పెట్టెలు సర్దుకుని పోయాడు, కోటలోకి గుమాస్తాలు వచ్చారు. గుడిలో మొదట గుర్రాల గడ్డి, ఆ తరవాత బంగాళదుంపలు పోశారు. అప్పటికి ఆ ఊళ్ళో ప్రొటెస్టెంటులు కొద్దిమందే. వాళ్ళు సారా గోదాములో ప్రార్థన చేసుకునేవాళ్ళు. గట్టిగా పాడితే ఖాళీ పీపాలు కూడా వంత పాడేవట. వాళ్ళు వెళ్ళి అడిగితే, దుంపలు మీరే ఎత్తి పోసుకోవాలి అనే షరతు మీద రాజుగారి గుడి తాళాలు ఇచ్చారు. ఊరంతా ఆ చలికాలం దుంపల కూరే తిన్నారని మామ్మగారు చెప్పేవారు.

వాళ్ళకి బొమ్మలు పనికిరావు. గోడలకి సున్నం కొట్టారు. నిచ్చెన అందినంత మేర దేవదూతలు పోయారు, పైకప్పు మీద ఉన్నవాళ్ళు బతికిపోయారు. కానీ వాన కురిసి గోడ చెమ్మగిల్లితే, కింద దేవదూతల ముఖాలు సున్నం లోంచి మెల్లగా పైకి వచ్చేవట. ఏడాదికోసారి సున్నం కొట్టడం, వానలకి వాళ్ళు మళ్ళీ తొంగిచూడడం. ఆ సున్నం కొట్టేది, గంట కొట్టేది, పొయ్యి రాజేసేది మామ్మగారి తాతగారు. ఆయనకి ఒక దేవదూత అంటే ఇష్టం. ఆ ఒక్కదానికి సున్నం పలచగా వేసేవాడట.

ఇక మిగిలింది రాజుగారి కుర్చీ. పొయ్యిలో పెడదామన్నారు కొందరు. అమ్మేద్దామన్నారు కొందరు. కొత్తగా వచ్చిన పాస్టరు, నేను కూర్చుంటానన్నాడు. తాతగారు ఆ గది తాళంచెవి జేబులో వేసుకుని, పాస్టరు కూర్చోవడానికి వీల్లేదన్నాడు. తాతగారి తరవాత మామ్మగారి నాన్న, ఆయనకి తోడుగా చిన్నప్పటి మామ్మగారు. ప్రతి శనివారం ఆ కుర్చీ దుమ్ము దులపడం ఆవిడ వంతు.

“దులిపాక?” అని నేను అడిగేదాన్ని.

“దులిపాక,” అని ఆవిడ కాసేపు టిష్యూ పెట్టెలోకి చూసి, “టీ,” అనేవారు.

ఎన్నిసార్లు అడిగినా కథ అక్కడే టీలోకి దిగిపోయేది. నేను నాకు తోచినట్టు పూరించుకున్నాను. రాజు ఎప్పటికైనా తిరిగొస్తాడని ఖాళీగా ఉంచి ఉంటారు, పాపం, అనుకున్నాను.

ఈ కథంతా బల్ల మీద ఉండగానే నాకు ఉపాయం తట్టింది. రువీలో మా గుడి ఉన్న స్థలం ఈ దేశపు రాజుగారు ఇచ్చిందే. ఆ కాంపౌండు గోడలోపల మలయాళీలు, తమిళులు, ఫిలిప్పీనువాళ్ళు, మేము, అందరం వంతులు వేసుకుని ప్రార్థన చేసుకుంటాం. శుక్రవారం పొద్దున నేను మామ్మగారి ముందు కూర్చుని చెప్పాను.

“ఇక్కడా కింగ్ ఉన్నారండి. మా గుడి స్థలం ఆయనే ఇచ్చారు.”

“కింగ్ ఇచ్చాడా?”

“ఇచ్చారండి.”

“వస్తాడా?”

“రారండి. ఆయనకి వేరే ఉంది.”

“కింగ్ ఎప్పుడూ రాడు,” అని నాకు ధైర్యం చెప్పి, లేచి వెళ్ళి ఉన్ని కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు.

మా ఇంటి డ్రైవరు జగిత్యాల అబ్బాయి. మిగతా రోజులు మేడమ్‌ని తిప్పడంతోనే సరి, నాతో మాట్లాడే తీరిక శుక్రవారమే. వాళ్ళది రాముడి గుడి, మాది యేసుప్రభువు గుడి, బిర్యానీ దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే భక్తి. మామ్మగారిని చూసి తల పట్టుకున్నాడు.

“అక్కా, గీ ముసలమ్మకు గా ఉన్ని కోటేందే. జూస్తెనే నాకు చెమట వడుతున్నది.”

“ఆవిడ గుడికి ఎల్తన్నారు. నువ్వు ఏసీ పెంచు.”

ఇప్పుడు మా గుడిలో కుర్చీ సంగతి చెప్పాలి. మా పాస్టరుగారు వారమంతా అల్ అమెరాత్‌లో ఒక సిమెంటు కొట్లో పని చేస్తారు, శుక్రవారం మాకు పాస్టరు. ఎన్నో ఏళ్ళుగా ఆయన తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఆయనకి ఏ బాధా లేదు, బాధంతా అమ్మగారిది. పాస్టరుగారి భార్యని మేం అమ్మగారు అంటాం. గుంటూరు మనిషి. వేరే భాషల వాళ్ళ బోధకులకి చెక్కిన కుర్చీలుంటే మా ఆయనకి మాత్రం టీ కొట్టు కుర్చీయా అని ఆవిడ మనసులో ఉండేది. అమెరాత్‌లో పెళ్ళిళ్ళకి సామాను అద్దెకిచ్చే కొట్టు ఖాళీ చేస్తుంటే, పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే కుర్చీ ఒకటి ఆవిడ కంట పడింది. బంగారు రంగు చేతులు, ఎర్ర వెల్వెట్, మనిషి తల పైన ఇంకో మనిషంత వీపు, దాని పైన కిరీటంలాంటి చెక్కడం. మా డ్రైవరూ మరో ముగ్గురూ చెమటలు కక్కుతూ మోసుకొచ్చారు. ఆ శుక్రవారం పాస్టరుగారు మొదటిసారి అందులో కూర్చోబోతున్నారు. నేను మామ్మగారిని తీసుకెళ్ళింది సరిగ్గా ఆ శుక్రవారమే.

లోపలికి రాగానే మామ్మగారు ఆగిపోయారు. కుర్చీని చూశారు. నా చేయి వదిలేశారు.

మొదటి పాట అయింది. పాస్టరుగారు అందరికీ వందనాలు చెప్పి, కోటు సర్దుకుని, వెనక్కి వెళ్ళి, కూర్చోవడానికి మోకాళ్ళు వంచారు. అప్పటికే మామ్మగారు వరసల మధ్య నడవలోంచి కుర్చీ దాకా వెళ్ళిపోయారు. కోటు జేబులోంచి రుమాలు తీసి కుర్చీ చేతులు తుడిచారు. ఒక పక్క అయ్యాక రెండో పక్క. చెక్కడం సందుల్లో గోరు పెట్టి మరీ తుడిచారు. పాస్టరుగారు వంగినవారు వంగినట్టే ఉన్నారు. తుడవడం అయ్యాక మామ్మగారు చేయి అడ్డం పెట్టి, “నో,” అన్నారు.

పాస్టరుగారు పాత ప్లాస్టిక్ కుర్చీలోకి మారారు. అమ్మగారి ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. నా పక్కన కూర్చునే కడప ఆమె, అమెరాత్‌లో ఒమానీవాళ్ళ పిల్లల్ని చూసుకుంటుంది, నా చెవిలో ఊదింది.

“అక్కా, యాడ దొరికింది నీకీ యమ్మ? మన అయ్యగారు కూర్చుంటాండాడా, లేస్తాండాడా, నాకేం అర్తం కాల్య.”

ప్రార్థన అయ్యాక భోజనాల దగ్గర అమ్మగారు నా పక్కకి వచ్చారు. ప్లేటులో బిర్యానీ చల్లారిపోతోంది గాని ఆవిడ చల్లారలేదు.

“ఎవరమ్మా ఆవిడ? గుడికొచ్చిందా, కాపలాకొచ్చిందా?”

“మా మేడమ్ గారి అమ్మగారండి. ఆళ్ళ ఊళ్ళో రాజుగారి కుర్చీ ఉండేదంటండి. ఇదీ అదే అనుకుంటన్నారు.”

“ఇక్కడ రాజెవరమ్మా?”

“ఫరవాలేదులే,” అన్నారు పాస్టరుగారు, పెరుగు పచ్చడి వడ్డించుకుంటూ. “ఆ వెల్వెట్ మీద కూర్చుంటే వేడి కూడానూ.”

“మీరు మాట్లాడకండి,” అన్నారు అమ్మగారు. “వచ్చే వారం ఆవిడకి చెప్పి తీసుకురామ్మా. మాకూ ఒక పద్ధతి ఉంది గదా.”

ఇంటికి వెళ్ళాక మామ్మగారు పెట్టె సర్దలేదు. కడుపునిండా తిన్నారు, నిద్రపోయారు. మేడమ్ నమ్మలేక రెండుసార్లు గదిలోకి తొంగిచూసి వచ్చి, “ఇలాగే సాగనీ,” అంది. ఒక పక్క మేడమ్ సంతోషం, ఇంకో పక్క అమ్మగారి కోపం. నా శుక్రవారం ఆ రెంటి మధ్యన వేలాడుతోంది.

రెండో వారానికి ఉపాయం కడప ఆమెదే. “కుర్చీకి దుప్పటి గప్పేద్దాం అక్కా. మంచమో కుర్చీనో తెలీకుంటే ఆ యమ్మేం జేస్తాది?” కప్పాం. పూల దుప్పటి. కుర్చీ ముసుగేసుకున్న కొత్తకోడలిలా ఉంది. మామ్మగారు లోపలికి రాగానే నేరుగా వెళ్ళి దుప్పటి తీశారు. మూలకి మూల కలిపి మడతపెట్టారు. మడతపెట్టి కింద పెట్టకుండా చంకలో పెట్టుకుని, రుమాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో కూడా వారమంతా కుర్చీకి గుడ్డ కప్పేవాళ్ళనీ, ఆదివారానికి తీసేవాళ్ళనీ మామ్మగారు చెప్పగా నాకు తెలుసు. దుప్పటి మాట వచ్చినప్పుడు నాకు గుర్తు రాలేదు, అంతే.

ఆ రోజు అమ్మగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. నా చేయి పట్టుకుని మెత్తగా చెప్పారు.

“తప్పుగా అనుకోమాక సిస్టర్. ఇన్నేళ్ళకి ఆయనకో మంచి కుర్చీ అమరింది. ఆయన అడగడు, నేనే చూసుకోవాలి. ఇంకొక్క వారం చూస్తా. ఆపైన నువ్వు ఒక్కదానివే రా.”

ఒక్కదాన్నే ఎలా రాను? మామ్మగారు లేకుండా మేడమ్ పంపదు, మామ్మగారితో అమ్మగారు రానివ్వరు. వారమంతా నేను మంగళవారం వంక భయంగా చూశాను. రోజూ పనయ్యాక బల్ల మీద కోట కట్టి అడిగేదాన్ని.

“దుమ్ము దులిపాక ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు మామ్మగారూ? కింగ్ వస్తాడా?”

“కింగ్ పోయాడు,” అనేవారు చిరాగ్గా, నాకే మతిమరుపు వచ్చినట్టు.

“మరి?”

“టీ.”

మూడో శుక్రవారం నేను మామ్మగారిని వెనక తలుపు దగ్గర, స్తంభం చాటున కూర్చోబెట్టాను. కుర్చీ కనబడకపోతే గొడవ ఉండదు కదా. కడప ఆమెని అటు పక్కన కూర్చోబెట్టి ఇద్దరం చెరో చేయీ పట్టుకున్నాం. ఖైదీని తీసుకొచ్చిన పోలీసుల్లా ఉన్నాం. పాట అయింది. పాస్టరుగారు ఎర్ర కుర్చీలో కూర్చున్నారు. అమ్మగారు తృప్తిగా కొంగు సర్దుకున్నారు. నాకూ ఊపిరి ఆడింది.

తరవాత పాస్టరుగారు లేచి ప్రార్థన అందుకున్నారు. అందరం కళ్ళు మూసుకున్నాం. అప్పుడు ఒక పసిబిడ్డ ఏడుపు. ఆ పిల్ల తల్లి మా పక్క అమ్మాయే, భర్త సూపర్ మార్కెట్‌లో లెక్కలు చూస్తాడు. బిడ్డ ఏడిస్తే ఆ అమ్మాయి బయటికి వెళ్ళి మా డ్రైవరు కారులో కూర్చుని పాలిచ్చుకునేది, అతను ఎండలో నిలబడేవాడు. ఆ రోజు టైరులో గాలి పోయిందని అతను కారు తీసుకెళ్ళాడు. వరండాలో చూస్తే మా తరవాతి వంతు మలయాళీ మగవాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఆ అమ్మాయి తలుపు దాకా వచ్చి, బయటికి చూసి, వెనక్కి తిరిగి, ఎటు పోవాలో తెలియక అక్కడే బిడ్డని ఊపుతూ నిలబడిపోయింది. బిడ్డ రాగం పెంచింది.

మామ్మగారు మా ఇద్దరి చేతులూ విదిలించుకుని లేచారు. అంత బలం ఆ చేతుల్లో ఉందని నాకు తెలియదు. ఆ అమ్మాయి మణికట్టు పట్టుకున్నారు. నడవ మధ్య నుంచి నడిపించుకుపోయారు. ప్రార్థన నడుస్తోంది గాని హాలంతా ఒక కన్ను తెరిచే ఉంది. పాస్టరుగారు మాత్రం రెండూ మూసుకున్నారు.

కుర్చీ దగ్గరికి వెళ్ళి మామ్మగారు ముందు వరసలో ఉన్న ఇద్దరు మగవాళ్ళకి వేలు తిప్పి చూపించారు. కుర్చీ అటు తిప్పండి అని. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ మళ్ళీ వేలు తిప్పారు. ఇద్దరూ లేచి, ఆ బరువైన కుర్చీని కిర్రుకిర్రుమంటూ తిప్పి, దాని వీపు మా వైపు పెట్టి, తలొంచుకుని వచ్చి కూర్చున్నారు. మామ్మగారు రుమాలుతో వెల్వెట్ దులిపారు. అమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ ఎత్తైన వీపు వెనకాల తల్లి జడ కొస కూడా కనబడలేదు. మాకు కనిపించిందల్లా బంగారు కిరీటం, దాని పక్కన కాపలాగా ఉన్ని కోటులో మామ్మగారు.

ఏడుపు ఆగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించబోతుంటే మామ్మగారు ఆయన వైపు చూసి, చేత్తో, ఇంకా కానివ్వండి అన్నట్టు సైగ చేశారు. ఆయన కళ్ళు మూసుకున్నా అది ఎలా తెలిసిందో మరి, రోగుల కోసం మొదలుపెట్టారు. ఆ తరవాత ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ కోసం. సైట్లలో ఎండకి పని చేసేవాళ్ళ కోసం. మా ఊళ్ళ కోసం, మా ఊళ్ళలో కరెంటు కోసం. మా గుడిలో అంత పెద్ద ప్రార్థన నేను ముందూ వినలేదు, తరవాతా వినలేదు. బిడ్డ త్రేన్చాక గాని ఆమేన్ రాలేదు.

అందరం కళ్ళు తెరిచాం. మామ్మగారు నా కోసం చూస్తున్నారు. నేను ముందుకి వెళ్ళాను. ఆవిడ ఆ పిల్ల తల నిమురుతూ, ఎప్పుడూ టీ దగ్గర ఆగిపోయే కథని ముందుకి నడిపించారు. ముక్కలు ముక్కలుగానే, గాని ఈసారి ఎక్కడా దారి తప్పలేదు.

“కింగ్ పోయాడు. తెర ఉంది. పొయ్యి ఉంది. కింద చలి. తాత అన్నాడు, బేబీ ఉన్న అమ్మలు పైకి రండి. పాస్టరు అడిగాడు, నాకు? తాత అన్నాడు, నీకు బేబీ ఉందా? మా అమ్మ అక్కడ కూర్చుంది. బేబీ నేను.”

నేను వెనక్కి తిరిగి అందరికీ తెలుగులో చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. రాజు కోసం ఖాళీగా ఉంచారని నేను ఎన్ని రోజులు జాలిపడ్డానో. ఆ కుర్చీ ఒక్క వారం కూడా ఖాళీగా లేదట. ఆ ఊళ్ళో సగం మంది తెర వెనకాల పాలు తాగినవాళ్ళేనట.

“మరి నాకు బేబీ లేదు గదా,” అన్నారు పాస్టరుగారు, ప్లాస్టిక్ కుర్చీ తనే లాక్కుంటూ. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన ఇక ఆగలేదు, హాలంతా నవ్వింది.

అమ్మగారు నవ్వలేదు. లేచి కుర్చీ దగ్గరికి వచ్చారు. ఆవిడ కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగారు. నిద్రపోతున్న బిడ్డని చూశారు. వెల్వెట్ మీద వేలు పెట్టి రాశారు.

“దీని మీద పాలు పడితే మరక పోదు,” అన్నారు. “టవల్ వేయాలి. నేను తెస్తాలే.” ఆ అమ్మాయితో, “మా పెద్దాడు పుట్టినప్పుడు ఇక్కడే, సామాన్ల గదిలో చాపలకట్ట మీద కూర్చుని ఇచ్చేదాన్ని. బొద్దింకలు,” అన్నారు. అన్నాక మామ్మగారి వైపు తిరిగి, “కాఫీ తాగుతారా?” అని తెలుగులోనే అడిగారు.

“టీ,” అన్నారు మామ్మగారు.

ఆ వారం నుంచి కుర్చీ వీపు మా వైపే ఉంటోంది. ఒక్కోసారి ఇద్దరు తల్లులు వంతు కోసం కూర్చుంటారు. మలయాళీ వాళ్ళ పాప కూడా ఒకసారి వచ్చి వెళ్ళింది. ఎవరు ముందో తేల్చేది మామ్మగారే, ఆవిడ తీర్పుకి తిరుగు లేదు.

నేను నా శుక్రవారం నాకు దక్కిందని ఊపిరి పీల్చుకున్నానో లేదో, మేడమ్ మళ్ళీ నన్ను కూర్చోబెట్టింది. ఏం ముంచుకొచ్చిందో అనుకున్నాను.

“అమ్మ గొడవ చేస్తోంది,” అంది. “ముందు రోజు దులపకపోతే ఎలా, ప్రార్థన రోజున దులిపితే దుమ్మంతా పిల్లల మీద పడదా అంటోంది. నిజమే కదా. గురువారం సాయంత్రాలు అక్కడ ఎవరైనా ఉంటారా?”

“మా పాటల ప్రాక్టీసు ఉంటుందండి,” అన్నాను, కళ్ళు కిందికి దించుకుని. ఏళ్ళ తరబడి నేను వెళ్ళలేకపోయిన ప్రాక్టీసు అది. కడప ఆమె ప్రతివారం వెళ్ళి వచ్చి నాకు ఊరించి చెప్పేది.

“అయితే గురువారం సాయంత్రం కూడా నువ్వు తీసుకెళ్ళాలి. నీకు ఇబ్బందేమో.”

“ఏం చేస్తామండి,” అన్నాను. “ఆవిడ డ్యూటీ ఆవిడకి తప్పదు కదా.”

గురువారం సాయంత్రం మామ్మగారు రెండు రుమాళ్ళు జేబులో వేసుకుని కారెక్కారు. నేను పక్కన కూర్చుని, మర్చిపోయానేమోనని, నెమ్మదిగా ఒక పాట ఎత్తుకున్నాను. డ్రైవరు అద్దంలో మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ముసలమ్మకు డ్యూటీ దొరికింది, నీకు సెలవు వెరిగింది,” అన్నాడు. “నడుమ నాకేమొచ్చింది అక్కా?”

“గురువారం పునుగులు ఏత్తారంట.”

అతను గేరు మార్చాడు.